అరువు గొంతు

మార్కాపురం,
ఆగస్టు.

బేటీ ముబాషిరాకు జమాల్ మామూ రాసేది,

నీ ఉత్తరం చేతిలో పెడుతూ పోస్టుమ్యాను "ఏంది జమాలుద్దీన్ భాయ్, కోర్టు నోటీసా?" అని ఆశగా అడిగినాడు. కాదయ్యా, మా అక్క ఫాతిమాబీ కూతురు కాకినాడలో ఎంబీఏ చదువుతోంది, నా సలహా కోసం రాసిందన్నాను. వాడు నమ్మలేదు. నోటీసైతే నమ్మేవాడు.

మీ రాజరత్నం సారు లీడర్‌షిప్ అని ఒక పేపరు చెప్తాడంట. తప్పులు మొహం మీదే చెప్పే మనిషిని ఒకరిని ఎంచుకొని, సెమిస్టరు అయ్యేదాకా చేత్తో ఉత్తరాలు రాయమన్నాడంట. ఆ పనికి పదో తరగతి తప్పినవాణ్ణి ఎంచుకున్నావంటే నీకు ఆ పేపరు ఎంత ఒంటబట్టిందో తెలుస్తోంది. ఐనా ఒప్పుకుంటున్నా. తిట్టడానికి నన్ను పిలిచి పీట వేసినవాళ్ళు ఇంతవరకు లేరు.

నా సంగతులు మామూలే. ఆటో మీద మైకు కట్టుకొని దొనకొండ నుంచి యర్రగొండపాలెం దాకా అరుస్తున్నా. పోయిన వారం మన బజారులో బట్టల దుకాణం వాళ్ళు ప్రకటన చేయమన్నారు. "మీసం లేని మగవాళ్ళకు జేబురుమాలు ఉచితం" అని ఒక ముక్క నేను సొంతంగా కలిపినా. గంటలో మంగలి షాపుల ముందు క్యూ. సగం మీసంతో ఒకాయన నురగ మూతితోనే పరుగెత్తుకొచ్చినాడు. సేటు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

ఇక నీ మొదటి తప్పు రాసుకో. "సార్ వచ్చారు, వెళ్ళారు" అని రాసినావు. మన ఇంట్లో ఇంతవరకు ఎవరన్నా వెళ్ళినారా? మనం వస్తాం, పోతాం. ఎవరి నోరు అరువు తెచ్చుకున్నావు? నీకు మార్కులు తగ్గినప్పుడల్లా "ఇంటికి పోయి పలకలకు ఫ్రేములు కొట్టుకో పో" అని అరిచేవాణ్ణి, గుర్తుందా? నేను ఆ పలకల ఫ్యాక్టరీలో ఫ్రేములు కొట్టీ కొట్టీ బొటనవేలు చితగ్గొట్టుకున్నవాణ్ణి కాబట్టి నా నోటికి అదే వస్తుంది. నీ నోటికి ఏమొస్తుందో చూసుకో.

మీ అమ్మీ దువా చెప్పమంది. మోకాళ్ళ నొప్పి గురించి రాయొద్దంది, అందుకే రాస్తున్నా.

జమాల్ మామూ


కాకినాడ,
ఆగస్టు చివర.

మామూకి సలాం.

మీసాల సంగతి చదివి మెస్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కానీ 'అరువు నోరు' అన్న మాట గుచ్చుకుంది. నీకు తెలియని సంగతి చెప్తాను. మొదటి సంవత్సరం మొదటి రోజు, క్లాసులో నిలబడి "మాది మార్కాపురం. మా అమ్మీ బట్టలు కుడతాది" అన్నాను. వెనక బెంచీలు "కుడతాదంట, కుడతాది!" అని పగలబడి నవ్వాయి. ఆ రోజు నుంచి నోరు మూసుకుని అందరి మాటా విన్నాను. ఏడాదిలో నేర్చుకున్నాను. ఇప్పుడు నా రూమ్మేట్లు నన్ను గుంటూరు అమ్మాయినని అనుకుంటారు. ప్రెజెంటేషన్ మార్కుల్లో నేనే ముందు.

మన వైపు నుంచి ఇక్కడ ఇంకొక్కడే ఉన్నాడు, గిద్దలూరు శ్రీహరి. వాళ్ళ నాన్న నాగయ్యకి అక్కడ రైల్వే స్టేషన్ దారిలో సైకిల్ షాపు. అతను మాత్రం మారలేదు. మొదటి రోజు ఎట్లా మాట్లాడాడో ఇవాళా అంతే. 'ఏంది శ్రీహరి' అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతాడు కూడా.

అసలు విషయం. మా డిపార్ట్‌మెంటుకి స్టూడెంట్ కోఆర్డినేటర్ ఎన్నిక ఉంది. కంపెనీల వాళ్ళు వస్తే ఎదురెళ్ళి మాట్లాడేది, మా తరఫున ఆఫీసుతో పోట్లాడేది ఆ మనిషే. "నేను చెప్పేది పాఠం, పరీక్ష మాత్రం అదే" అన్నారు రాజరత్నం సార్. నేను నిలబడ్డాను. ఎదురు నరేంద్ర. అతనికి అందరూ స్నేహితులే. ఎమ్మెల్యే అభ్యర్థిలా ఫోటో, ఫోన్ నంబరు వేసి కార్డులు పంచుతున్నాడు. నవ్వుకుంటావని ఒకటి జత చేస్తున్నాను. పైకి అంత ధీమా కానీ, హాజరు తక్కువై ఆఫీసు పేరు చెబితే వణుకుతాడు. ప్యూను తలుపు దగ్గర కనిపిస్తే బెంచీ కిందికి దూరతాడు.

నాకు ఈ పదవి కావాలి మామూ. ఇంతగా దేన్నీ కోరుకోలేదు. ఆ రోజు నవ్విన బెంచీల ముందు నిలబడాలి.

నువ్వు మాత్రం ఏమీ చేయకు.

ముబాషిరా


మార్కాపురం,
సెప్టెంబరు.

బేటీ,

నేనేం చేస్తాను? ఇక్కడున్నవాణ్ణి అక్కడికొచ్చి ఓట్లు వేయగలనా?

మీ నరేంద్ర కార్డు అద్దం దగ్గర పెట్టుకున్నా. పళ్ళు బాగున్నాయి. ఇట్లాంటి పళ్ళున్నవాడికి మనుషులు ఊరికే ఓటేస్తారు, జాగ్రత్త. మీటింగులో మాట్లాడేటప్పుడు ముందు వరసను చూడొద్దు, ఆఖరి వరసలో నవ్వడానికి కాచుకొని ఉన్నవాణ్ణి చూసి మాట్లాడు. మైకు పట్టుకున్నోణ్ణి, ఆ ఒక్కటి నాకు తెలుసు.

వచ్చే వారమంతా గిద్దలూరులో ఉంటా. కొత్త ఫర్నిచరు దుకాణం తెరుస్తున్నారు, మంచాలూ బీరువాల గొప్పలు అరవాలి. ఉత్తరం రాస్తే ఇంటికే రాయి, మీ అమ్మీ దాచి పెడుతుంది.

భయపడొద్దు. నీకు మంచే జరుగుతుంది.

మామూ


కాకినాడ,
సెప్టెంబరు.

మామూ!

నేనే కోఆర్డినేటర్‌ని! ఎన్నిక ముందు రోజు సాయంత్రం నరేంద్ర తప్పుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మర్నాడు కళ్ళు వాచిపోయి వచ్చాడు, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పోటీ లేక నన్నే ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ రోజు నవ్విన మొహాలన్నీ ఉన్నాయి మామూ. ఒక్కో మొహాన్నీ చూశాను.

రాజరత్నం సార్ మాత్రం "గెలవకుండా వచ్చిన పదవి, జాగ్రత్తగా మొయ్యి" అన్నారు. ఆయన తీరే అంత. నిన్న ఒక మందుల కంపెనీ వాళ్ళు వస్తే నేనే స్వాగతం చెప్పాను. బ్యానరు కట్టడానికి ఎవరూ రాకపోతే శ్రీహరి ఒక్కడే నిచ్చెన ఎక్కాడు. "మన ఊళ్ళ పేరు నిలబెట్టినావు" అన్నాడు. చుట్టూ జనం ఉన్నారని నేను 'థాంక్యూ అండి' అని ఊరుకున్నాను.

అమ్మీకి చెప్పు. నవ్వుతుందా, ఏడుస్తుందా, చూసి రాయి.

ముబాషిరా


మార్కాపురం,
సెప్టెంబరు చివర.

కోఆర్డినేటర్ గారికి సలాములు,

మీ అమ్మీ రెండూ చేసింది. మిషను మీద ఉన్న జాకెట్టు చేతులు రెండూ ఒకే పక్కకు కుట్టేసింది. నేను ఆటో మైకులో "మన వీధి ఆడబిడ్డ కాకినాడను ఏలుతోంది" అని రెండు చుట్లు తిరిగినా. పెట్రోలు నాదే.

ఆ నరేంద్ర ఎందుకు తప్పుకున్నాడని తవ్వుకుంటూ కూర్చోవద్దు. భయపడేవాడికి నాయకత్వం దేనికి? వచ్చినదాన్ని గట్టిగా పట్టుకో. మీ సారు మాటలు పట్టించుకోవద్దు, సార్లందరికీ పిల్లలు నవ్వుతుంటే చూడబుద్ధి కాదు.

మామూ


కాకినాడ,
అక్టోబరు.

మామూ,

నాకు నవ్వు రావడం లేదు. నువ్వూ నవ్వకుండా చదువు.

నరేంద్ర నోరు విప్పాడు. ఎన్నిక ముందు రోజు అతనికి ఒక ఫోను వచ్చిందట. "పరీక్షల విభాగం సూపరింటెండెంటును మాట్లాడుతున్నా. హాజరు లేనివాళ్ళ పట్టికలో నీ పేరుంది. పోటీ మానుకొని క్లాసులో కూర్చుంటావా, ఈ ఏడు పరీక్ష రాయకుండా ఆపమంటావా?" అని గద్దించాడట. నరేంద్ర భయపడి తప్పుకున్నాడు. మొన్న ధైర్యం చేసి ఆఫీసుకు వెళ్ళి అడిగితే అక్కడ ఎవరూ ఫోను చేయలేదన్నారు. ఆ నంబరుకి తిరిగి చేస్తే గిద్దలూరులో ఎవరో ముసలాయన ఎత్తాడు. "బస్టాండులో ఒక మనిషి ఛార్జింగు లేదని నా ఫోను అడుక్కొని మాట్లాడినాడు" అన్నాడట.

గిద్దలూరు అనగానే అందరూ శ్రీహరి వైపు తిరిగారు. నా గెలుపు కోరినవాడు అతనే. ఎవరో స్నేహితుడితో చేయించాడన్నారు. నరేంద్ర ఇంకో మాట చెప్పాడు. ఫోనులో మనిషి మొదట మర్యాదగానే మాట్లాడాడట, కోపం వచ్చేసరికి యాస మారిందట. "ఏంది, నేనెందుకు చేపిస్తా?" అని శ్రీహరి లేచాడు. ఆ 'ఏంది' వినగానే క్లాసంతా గొల్లుమంది. అతను ఇంకేం చెప్పినా ఎవరూ వినలేదు.

కమిటీ వేశారు. తప్పు తేలితే శ్రీహరిని ఈ సంవత్సరం నుంచి తీసేస్తారు. మళ్ళీ చేర్చుకుంటారో లేదో తెలియదు.

ఒకటే అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?

ముబాషిరా


మార్కాపురం,
అక్టోబరు.

బేటీ,

ఏందిది, మామూను పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు అడుగుతున్నావు? ఆ రోజు నేను దొనకొండలో ఉన్నా. మిర్చి నారు అమ్మేవాళ్ళ ప్రకటన. కావాలంటే దొనకొండంతా అడుగు.

ఆ శ్రీహరికి ఏం కాదులే. కమిటీలు టీ తాగడానికి వేస్తారు. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి పంపేస్తారు. నువ్వు మధ్యలో దూరొద్దు. పదవిలో ఉన్నోళ్ళు ఇట్లాంటప్పుడు ఒక పక్కకు నిలబడి చూస్తారు, అదే తెలివి.

ఇంకో మాట. అది గిద్దలూరు యాస అన్నవాడికి చెవులు తీసేయాలి. ఆ మాట్లాడిన మనిషి అచ్చం రాజమండ్రి ఆఫీసరు లాగా, ముక్కుతో, ప్రతి మాట చివర 'అండి'ని మింగి మాట్లాడి ఉంటాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉంటే తప్ప అట్ల రాదు. యాస మారిందంట! పిరికివాడికి ఏం వినబడుతుంది?

మీ అమ్మీకి ఈ గొడవ చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

మామూ


కాకినాడ,
అక్టోబరు.

మామూ,

నరేంద్ర 'యాస మారింది' అన్నాడని మాత్రమే రాశాను. మొదట ఏ యాసో నేను రాయలేదు. రాజమండ్రి అని నీకు ఎవరు చెప్పారు?

ఆ వారమంతా గిద్దలూరులో మంచాల గొప్పలు అరుస్తానని నీ చేత్తోనే రాశావు. ఆ కాగితం నా ముందే ఉంది.

నిజానికి నాకు ఇవేవీ అక్కర్లేదు. పోయిన ఉత్తరంలో ఒక మాట కావాలనే రాయలేదు. ఆ మనిషి ఫోను పెట్టేసే ముందు నరేంద్రతో ఏమన్నాడో తెలుసా? "చదువు నీ వల్ల కాకపోతే ఇంటికి పోయి పలకలకు ఫ్రేములు కొట్టుకో పో నాయన." క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. పలకలేంటి, ఫ్రేములేంటి అని నవ్వారు. గిద్దలూరులో కూడా ఆ తిట్టు ఎవరూ తిట్టరు. పలకలు మన ఊరివి. ఆ తిట్టు నీది.

విన్న క్షణమే తెలిసింది. అప్పుడు నేనేం చేశానో విను. కమిటీ మేడం నన్ను లేపి, "మీరు కోఆర్డినేటర్ కదా, ఈ మాట ఏ ప్రాంతంలో అంటారో మీకేమైనా తెలుసా?" అని అడిగారు. శ్రీహరి నా వైపు చూశాడు. నాది మార్కాపురమని ఆ గదిలో గుర్తున్నది అతనికి ఒక్కడికే. పలకల సంగతి అతనికీ తెలుసు. నా పేరు చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. నేను చెబుతానని చూశాడు.

"తెలియదండీ" అన్నాను. ఎంత చక్కగా అన్నానో. ఏడాది నేర్చుకున్న గొంతుతో.

వచ్చే గురువారం కమిటీ తుది విచారణ. నువ్వే రాసి ఒప్పుకో. ఫోను చేయకు, ఎత్తను. ఫోనులో నువ్వు ఎవరి గొంతైనా పెడతావు. నీదని నాకు తెలిసింది ఇప్పుడు నీ చేతిరాత ఒక్కటే.

ముబాషిరా


మార్కాపురం,
అక్టోబరు.

ముబాషిరా,

సరే, నేనే. చేసినా. ఏం చేస్తావు?

ఎవరి కోసం చేసినా? నా కోసమా? ఆ కార్డు పంపింది ఎవరు? వాడికి హాజరు తక్కువ, ఆఫీసంటే వణుకు అని కూర్చొని రాసింది ఎవరు? "నాకు కావాలి మామూ" అన్నది ఎవరు? ఏమీ చేయకు అని ఆఖర్న ఒక ముక్క రాస్తే సరిపోతుందా? వంట మొత్తం నువ్వే సిద్ధం చేసి పెట్టి, పొయ్యి మాత్రం వెలిగించొద్దన్నావు. నన్ను పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు. వెలిగిస్తానని నీకు తెలియదా?

ఒప్పుకుంటూ రాస్తే ఏమవుతుందో తెలుసా? ఆఫీసరు పేరు పెట్టుకొని బెదిరించినానని పోలీసులకిస్తారు. మైకు పర్మిషను తీసేస్తారు. ఈ వయసులో మళ్ళీ పోయి మేకులు కొట్టమంటావా? నీ పదవి పోతుంది, నీ మొహం ఎవరూ చూడరు. మీ అమ్మీ ఈ వీధిలో తలెత్తుకొని నడవగలదా? ఒక పరాయి పిల్లోడి కోసం ఇంటిని బజారులో పెడతావా? ఇదేనా మీ సారు నేర్పిన లీడర్‌షిప్?

కాగితం రాయను. నువ్వు రాసినా నాది కాదంటా.

జమాలుద్దీన్


మార్కాపురం,
అక్టోబరు.

బేటీ,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఫోను ఎత్తలేదు. మీ అమ్మీతో మాత్రం మామూలుగా మాట్లాడినావంట. ఆమె పక్కనే కూర్చొని విన్నా. నా గురించి ఒక్క మాట అడగలేదు.

నిన్న గిద్దలూరు పోయినా. పని ఉండి కాదు. స్టేషన్ దారిలో నాగయ్య షాపు వెతుక్కొని, ఆటో టైర్లకు గాలి పట్టమన్నాను. మంచి మనిషి. మాటల్లో మార్కాపురం అని చెప్పినా. "మా పిల్లోడి క్లాసులో మీ ఊరి పాప ఉందంట, వాళ్ళకు లీడరంట, మీకేమన్నా తెలుసా అన్నా?" అని అడిగినాడు. మా అక్క కూతురే అని నోట్లో నుంచి వచ్చేసింది. ఆయన పంపు పక్కన పెట్టి, నా రెండు చేతులు పట్టుకున్నాడు. నూనె చేతులు. "పిల్లోడు అన్నం తింటాండో లేదో, ఏడుస్తాండో, ఏం చెప్పడు. ఏదో ఫోనంట. మా వాడు అట్లాంటోడు కాదు. ఆ పాపను సార్లతో ఒక్క మాట చెప్పమనన్నా. ఆమె చెప్తే వింటారు" అన్నాడు.

నాకు తెలిసిన గొంతులన్నీ వెతుక్కున్నా బేటీ. పోలీసు గొంతు, పంతులు గొంతు, పాటల గొంతు. ఆ మనిషికి బదులు చెప్పడానికి ఒక్కటీ రాలేదు. తల ఊపి వచ్చేసినా. గాలికి డబ్బులు కూడా తీసుకోలేదాయన.

పోయిన ఉత్తరం చించెయ్యి. ఏం రాయాలో చెప్పు.

మామూ


కాకినాడ,
అక్టోబరు, శుక్రవారం.

మామూ,

నీ ఉత్తరం వచ్చేసరికి నిన్నటి విచారణ అయిపోయింది. నువ్వు ముందు రాసిన ఉత్తరం చించలేదు. అందులో సగం నిజం ఉంది. నువ్వు ఏదో ఒకటి చేస్తావని నాకు తెలుసు. చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. దాన్ని కమిటీ ముందు చెప్పినాను.

ఔను, చెప్పినాను. ఇట్లనే మాట్లాడినాను. "ఫోను చేసింది మా మామూ. మాది మార్కాపురం. పలకలకు ఫ్రేములు కొట్టుకో పో అని నన్ను చిన్నప్పటి నుంచి తిట్టినాడు. ఆ రోజు నాకు తెలిసీ తెలీదన్నాను. శ్రీహరికి ఏ సంబంధం లేదు" అన్నాను. కోఆర్డినేటర్ పదవికి రాజీనామా కాగితం బల్ల మీద పెట్టినాను. నా నోట్లో ఆ మాట విని మేడం కళ్ళద్దాలు తీసి చూసింది. ఎన్నడూ చూడనట్టు.

నమ్మలేదు మామూ. అది నేను అనుకోలేదు. "ఏడాదికి పైగా ఇలా మాట్లాడని అమ్మాయి ఇవాళ ఎందుకు మాట్లాడుతోంది? ఇద్దరిదీ ఒకే ప్రాంతం. స్నేహితుణ్ణి తప్పించడానికి లేని మామను పుట్టిస్తోంది" అన్నారు. నేను పెట్టుకున్న గొంతు నాది అనుకున్నారు. నా గొంతు నాటకమన్నారు. ఫోను చేసిన మనిషి సోమవారం స్వయంగా వచ్చి ఒప్పుకోకపోతే ఇద్దరినీ పంపించేస్తామన్నారు.

రాజరత్నం సార్ మాత్రం నన్నే చూస్తా కూర్చున్నాడు. ఆయన నమ్మినాడో లేదో తెలీదు.

ఏం రాయాలో అడిగినావు. ఏమీ రాయొద్దు. రా. ఈ ఉత్తరం సోమవారం లోపల అందదేమోనని అమ్మీకి ఫోనులో అంతా చెప్పేసినాను. ఆమె నిన్ను బస్సు ఎక్కిస్తుంది.

ముబాషిరా


మార్కాపురం,
నవంబరు.

బేటీ,

విచారణ గదిలోకి నన్ను పిలిచి నిన్ను బయట కూర్చోబెట్టినారు. బస్సు ఎక్కేదాకా నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నా.

నేనే చేసినానన్నా. ఆధార్ కార్డు చూపించినా. మేడం నా చెప్పుల వైపు, చొక్కా వైపు చూసి, "మీరా సూపరింటెండెంటు?" అనింది. అప్పుడు నరేంద్ర, "ఆ గొంతు వినిపించమనండి మేడం, నేను గుర్తు పడతాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం లోపల సరదా పుట్టింది. గది నిండా చదువుకున్నోళ్ళు, నేను మాట్లాడితే వినడానికి కూర్చున్నారు. గొంతు సవరించుకొని, ముక్కుతో, "పరీక్షల విభాగం సూపరింటెండెంటును మాట్లాడుతున్నానండి" అన్నాను. అచ్చం దిగింది. ఒక సారుకు నవ్వు కూడా వచ్చింది.

నరేంద్ర నవ్వలేదు. అంతా నాటకమని తెలుసు, ఎదురుగా నేను కనబడుతున్నా, ఐనా వాడి చేతులు బల్ల కిందికి పోయినాయి. మెడ లోపలికి ముడుచుకున్నాడు. వాళ్ళ అమ్మకు ఆపరేషనై ఆసుపత్రిలో ఉంటే తోడు ఉన్నాడంట, హాజరు అందుకు తగ్గిందంట. అది తర్వాత చెప్పినాడు. ఫోన్లో ఎంతమందినో ఆడించినా బేటీ. అందరూ తర్వాత నవ్వినారనే అనుకున్నా. నేను మాట్లాడుతున్నప్పుడు అవతలి మనిషి మొహం ఎట్ల ఉంటుందో చూడటం అదే మొదలు.  "చాలు" అన్నా, నాకు నేనే.

క్షమాపణ రాయించుకున్నారు. పోలీసులకు ఇవ్వాలా అని నరేంద్రను అడిగినారు. "ఆయన్ని ఇక్కణ్ణుంచి పంపేయండి సార్" అన్నాడు. మన్నించినానని అనలేదు.

ఒకటి దాచినా. దాచితే ఏమవుతుందో తెలిసింది కాబట్టి చెప్తున్నా. వరండాలో శ్రీహరికి చేతులు జోడించినా. "మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్మల్ని ఎరుగను. మీ మీద నాకేం లేదు పెద్దాయనా. ఆమె నన్ను ఎరుగును" అన్నాడు. అంతే అని పోయినాడు.

మీ అమ్మీ నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

మామూ


కాకినాడ,
నవంబరు.

మామూకు,

శ్రీహరి ఆ మాటే నాతో ఇంకో తీరుగా అన్నాడు. నువ్వు వచ్చి పోయిన మర్నాడు పోయి, తప్పైందన్నాను. "ఆఖరికి చెప్పినావు, చదువు నిలిచింది. కానీ ఆ రోజు నేను నిన్ను చూసినాను" అన్నాడు. అప్పటి నుంచి మెస్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి రాడు. నేను పోతే లేవడు గానీ, మాట్లాడడు.

కోఆర్డినేటర్ పదవికి మళ్ళీ ఎన్నిక పెట్టినారు. నరేంద్ర నిలబడినాడు. నన్నూ నిలబడమని కొందరు అడిగినారు. నేను నిలబడలేదు. రెండో నామినేషన్ ఎవరిదో తెలుసా? శ్రీహరిది. బలపరిచే సంతకం నేను పెడతానని పోయినాను. కాగితం వెనక్కి తీసుకొని, పక్కనున్న అబ్బాయితో పెట్టించుకున్నాడు.

ఈ రోజు ఇద్దరూ క్లాసు ముందు మాట్లాడినారు. నరేంద్ర బాగా మాట్లాడినాడు. తర్వాత శ్రీహరి లేచినాడు. "నన్ను తీసేయాలని మీలో సగంమంది అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. నేను మాట్లాడేది మీకు అట్ల వినబడినాది" అని మొదలుపెట్టినాడు. 'వినబడినాది' అనగానే ఆఖరి వరసలో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ పక్కన ఇంకొకరు.

నాకు ఒళ్ళు మండింది మామూ. లేచి నిలబడినాను. "ఎవరు నవ్వింది? నవ్వేవాళ్ళు బయటికి పొండి!" అని అరిచినాను.  అందరూ నా వైపు తిరిగినారు. రాజరత్నం సార్ కూడా. ఏడాదికి పైగా నేను ఎదురుచూసింది ఆ చూపు కోసమే కదా అనిపించింది.

శ్రీహరి మాట ఆపి నన్ను చూసినాడు. కోపం లేదు.

"కూచో ముబాషిరా," అన్నాడు. "వాళ్ళు నవ్వింది నన్ను. నేను మాట్లాడుకుంటా."

నా పేరు పెట్టి పిలిచి చాలా రోజులైంది. బెంచీ గట్టిగా పట్టుకొని, కూచున్నాను.

ముబాషిరా